దోహాలో నాలుగు పాత ఇళ్ళు



దోహా మెట్రోలో ఎరుపు, ఆకుపచ్చ, బంగారు లైన్లు మూడూ కలిసే స్టేషను పేరు ముషైరిబ్. స్టేషను మెట్లెక్కి పైకొస్తే ఎటు చూసినా కొత్త మేడలే. తెల్లటి గోడలు, నీడ పరిచిన సందులు, ట్రామ్ పట్టాలు కనిపిస్తాయి. ఆ మేడల మధ్య, ఒక అంచున, ఒకటి రెండు అంతస్తులు మించని నాలుగు పాత ఇళ్ళున్నాయి. ఇవాళ మనం మాట్లాడుకోబోయేది ఆ నాలుగు ఇళ్ళ గురించే.

ఆ నాలుగే ఎందుకు మిగిలాయి? చుట్టూ ఉన్న మిగతావి ఎందుకు మిగల్లేదు? ఊరు పెరిగేటప్పుడు ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో ఎవరు తేలుస్తారు? ఖతర్‌లో ఉన్నవాళ్ళకే కాదు, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో కూర్చుని ఇది వింటున్నవాళ్ళకి కూడా ఈ ప్రశ్నలతో పని ఉంది. ఎందుకంటే కూల్చేసిన ఆ వీధుల్లో మనవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి బతికారు.

ముందు పాత దోహా ఎలా ఉండేదో కొంచెం చెప్పుకుందాం. నూనె బయటపడక ముందు ఈ ఊరికి ముత్యాలే ఆధారం. ఎండాకాలం నెలల్లో మగవాళ్ళు పడవలెక్కి వెళ్ళి సముద్రంలో మునిగి ముత్యపు చిప్పలు తెచ్చేవారు. ఆ ముత్యాల్లో చాలావరకు బొంబాయి బజారుకి చేరేవి. హైదరాబాదు పత్తర్‌గట్టీ దుకాణాల్లో 'బస్రా ముత్యం' అని గొప్పగా చెప్పుకునేది ఈ గల్ఫు సముద్రపు ముత్యమే. అంటే మనవాళ్ళు వీసా కాగితాలతో ఇక్కడికి రాకముందే, ఇక్కడి ముత్యాలు మన పెళ్ళికూతుళ్ళ మెడల్లోకి చేరాయన్నమాట. బజార్లో చెల్లే డబ్బు కూడా మన రూపాయే. 1959లో భారత రిజర్వు బ్యాంకు గల్ఫు కోసం ప్రత్యేకంగా గల్ఫు రూపాయి నోట్లు అచ్చువేసింది. 1966లో మన రూపాయి విలువ తగ్గించాకనే ఖతర్ తన రియాలుకి మారింది.

అప్పటి ఇళ్ళు సముద్రం దగ్గర దొరికే పగడపు రాయితో, సున్నపు రాయితో కట్టేవారు. మధ్యలో మట్టి అడుసు, పైన జిప్సం పూత. కప్పుకి వేసే దుంగలు తూర్పు ఆఫ్రికా తీరం నుంచి పడవల్లో వచ్చేవి. ఇక్కడి వాళ్ళు వాటిని 'దంచల్' అంటారు. వాటి మీద వెదురు బద్దలు, ఆపైన చాప, ఆపైన మట్టి. దుంగ ఎంత పొడుగుంటే గది అంతే వెడల్పు. అందుకే పాత అరబ్బు ఇళ్ళలో గదులు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. ఇంటి నడుమ ఆకాశం కనిపించే ఖాళీ జాగా, దాని చుట్టూ గదులు. మన కోస్తా జిల్లాల మండువా లోగిలి ఎరిగినవాళ్ళకి ఈ ఇల్లు కొత్తగా అనిపించదు. తేడా అల్లా, మన మండువాలో వాన నీళ్ళు పడతాయి, ఇక్కడ గాలి దిగుతుంది.

1930ల్లో ముత్యాల వ్యాపారం కుప్పకూలింది. జపానువాళ్ళు పెంచిన ముత్యాలు ఒక దెబ్బ, ప్రపంచమంతా పట్టుకున్న మాంద్యం ఇంకో దెబ్బ. 1939-40లో దుఖాన్ దగ్గర నూనె పడింది. యుద్ధం అయ్యాక, 1949లో ఎగుమతి మొదలైంది. అక్కడినుంచి ఊరి రూపే మారిపోయింది. ముషైరిబ్‌లోని ఒక వీధికి కరెంటు దీపాలొచ్చాయి. దాన్ని ఇప్పటికీ 'కహ్రబా వీధి' అంటారు. కహ్రబా అంటే అరబ్బీలో విద్యుత్తు. చేతిలో డబ్బు ఆడాక ఖతరీ కుటుంబాలు ఇరుకు సందులు వదిలి ఊరి బయట పెద్ద విల్లాలు కట్టుకున్నాయి. వదిలేసిన ఇళ్ళు అద్దెకిచ్చారు. అద్దెకి దిగింది ఎవరు? 1973లో నూనె ధర పెరిగాక పని వెతుక్కుంటూ వచ్చిన భారతీయులు, పాకిస్తానీలు, నేపాలీలు, బంగ్లాదేశీలు.

వాళ్ళలో కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ళున్నారు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వచ్చినవాళ్ళున్నారు. ఒకప్పుడు ఒక కుటుంబం ఉన్న ఇంట్లో గదికి ఆరుగురు, ఎనిమిదిమంది చొప్పున సర్దుకున్నారు. కింద టైలరు కొట్టు, క్షౌరశాల, ఇంటికి డబ్బు పంపే ఎక్స్ఛేంజి, టీ కొట్టు. శుక్రవారం సెలవు కనుక ఆ రోజు ఆ వీధులన్నీ జనంతో నిండిపోయేవి. ఊరినుంచి ఎవరొచ్చారు, ఎవరు వెళ్తున్నారు, ఎవరి చేత ఏం పంపాలి - అన్ని కబుర్లూ అక్కడే. అలా ముషైరిబ్ ముప్ఫై నలభై ఏళ్ళపాటు వలస కార్మికుల రచ్చబండ అయింది.

ఇక పాత కట్టడాలను కాపాడే పని దగ్గరికి వద్దాం. ఖతర్ ఈ విషయంలో ఆలస్యంగా మేల్కొందని అనుకుంటే పొరపాటే. స్వాతంత్ర్యం వచ్చింది 1971లో. షేక్ అబ్దుల్లా బిన్ జాసిం అల్ థానీ ఉన్న పాత అమీరీ భవనం శిథిలమై ఉంటే, మరుసటి ఏడే బాగుచెయ్యడం మొదలుపెట్టారు. 1975లో దాన్ని జాతీయ మ్యూజియంగా తెరిచారు. ఆ పనికి 1980లో ఆగా ఖాన్ వాస్తు పురస్కారం వచ్చింది. తరవాత అదే స్థలంలో ఫ్రెంచి వాస్తుశిల్పి జాఁ నువెల్ గీసిన కొత్త జాతీయ మ్యూజియం లేచి, 2019 మార్చిలో తెరుచుకుంది. ఎడారి ఇసుకలో గులాబీ రేకుల్లా పేరుకునే రాయిని చూసి ఆ రూపం తీసుకున్నారు. ఆ రేకుల మధ్య పాత భవనాన్ని అలాగే నిలబెట్టారు. ఉత్తరాన పాడుపడిన ముత్యాల రేవు పట్టణం అల్ జుబారా 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఖతర్ నుంచి ఆ జాబితాకెక్కిన మొదటి చోటు అదే.

అయితే ఖాళీగా ఉన్న రాజభవనాన్ని, ఎడారిలోని శిథిలాన్ని కాపాడటం ఒక ఎత్తు. జనం మసిలే బజారును కాపాడటం మరో ఎత్తు. సూక్ వాకిఫ్ సంగతి చూడండి. 'వాకిఫ్' అంటే నిలబడినది అని అర్థం. ఒకప్పుడు అక్కడిదాకా నీళ్ళు వచ్చేవనీ, అందుకే వ్యాపారులు నిలబడి అమ్ముకునేవారనీ చెబుతారు. 1990లు వచ్చేసరికి రేకుల కప్పులతో, సిమెంటు గోడలతో ఆ బజారు రూపు చెడింది. 2003లో కొంత భాగం కాలిపోయింది. మొత్తం నేలమట్టం చేసి ఏ షాపింగ్ మాలో కట్టడానికి అంతకంటే మంచి సాకు దొరకదు. కానీ 2004 నుంచి దాన్ని తిరిగి నిలబెట్టే పని మొదలైంది. ఆ పని నడిపించిన మొహమ్మద్ అలీ అబ్దుల్లా చిత్రకారుడు. మధ్యకాలంలో వచ్చిన కొత్త కట్టడాలు తీసేశారు. రేకులు పీకి దంచల్ దుంగలు, వెదురు, మట్టి, గడ్డి కలిపి కప్పులు వేశారు. 2010లో ఆగా ఖాన్ పురస్కారం తుది పరిశీలనలో ఈ బజారు ఉంది.

సూక్ వాకిఫ్ మీద ఒక విమర్శ ఉంది. పాతదిలా కనిపించేదాంట్లో చాలా భాగం కొత్తగా కట్టిందేనని. అందులో నిజం ఉంది. అయినా ఆ బజార్లో ఇవాళ్టికీ మసాలా దినుసులు, బట్టలు, పక్షులు అమ్ముతున్నారు. తోపుడు బండ్లతో సామాను మోసే ముసలివాళ్ళు కనిపిస్తారు. వాళ్ళని 'హమ్మాల్' అంటారు. మన రైల్వే స్టేషన్లలో, మార్కెట్ యార్డుల్లో వినిపించే 'హమాలీ' ఈ అరబ్బీ మాటే. బజారు బజారుగా మిగిలింది కాబట్టి ఆ మాటకీ ఇంకా పని ఉంది.

ఇక ముషైరిబ్. 2010 జనవరిలో అక్కడ కొత్త నగర కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 31 హెక్టార్లు, అంటే మన లెక్కలో సుమారు 76 ఎకరాలు. వందకి పైగా కొత్త భవనాలు. అప్పటి అమీర్ సతీమణి షేఖా మోజా ముందుండి నడిపించిన ప్రాజెక్టు ఇది. అద్దాల టవర్లతో దోహా దుబాయిలా మరో నకలు కాకూడదని, ఖతరీ ఇంటి లక్షణాలు కొత్త మేడల్లో కనిపించాలని సంకల్పం. అందుకని గాలి దిక్కు చూసి సందులు వేశారు. ఒక మేడ నీడ ఇంకో మేడ మీద పడేలా దగ్గరగా కట్టారు. కార్లని, సరుకుల బండ్లని భూమి కిందకి పంపించి, పైన మనుషులు నడిచేలా చేశారు. నలభై అయిదు డిగ్రీల ఎండలో మనిషి నడవగలిగే వీధి కట్టడం మాటలు కాదు. పాత ఇళ్ళు నేర్పిన పాఠాన్ని నిజంగా చదివినవాళ్ళే ఆ పని చెయ్యగలరు.

కానీ ఆ పాఠం చదివాక పుస్తకాన్ని చాలావరకు చింపేశారు. ఆ 76 ఎకరాల్లో పాత వీధులు దాదాపు అన్నీ కూల్చేశారు. నాలుగు ఇళ్ళు ఉంచి, బాగుచేసి, 2015లో మ్యూజియాలుగా తెరిచారు. వాటి పేర్లు బిన్ జెల్మూద్ ఇల్లు, కంపెనీ ఇల్లు, మొహమ్మద్ బిన్ జాసిం ఇల్లు, రద్వానీ ఇల్లు.

ఈ నాలుగింటిలో బిన్ జెల్మూద్ ఇల్లు చూసినవాళ్ళు మాట్లాడకుండా బయటికొస్తారు. ఆ ఇంటాయన బానిసల వ్యాపారి. హిందూ మహాసముద్రం మీదుగా తూర్పు ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఎలా తెచ్చారో, ముత్యాల పడవల్లో, ఇళ్ళలో వాళ్ళచేత ఎలా చాకిరీ చేయించారో ఆ మ్యూజియం దాచకుండా చెబుతుంది. ఖతర్‌లో బానిసత్వం రద్దయింది 1952లో. అంటే ఇవాళ బతికున్న పెద్దవాళ్ళ చిన్ననాటి మాటే. నేటి వెట్టి, మనుషుల అక్రమ రవాణా గురించి కూడా అక్కడ ప్రస్తావన ఉంది. తన ఇంటి గోడ మీద తన తప్పు తానే రాసుకునే ధైర్యం అన్ని దేశాలకీ ఉండదు. పక్కనున్న కంపెనీ ఇల్లు తొలినాటి నూనె కంపెనీ వాడుకున్నది. దుఖాన్ ఎండలో పైపులు మోసిన మొదటి తరం ఖతరీ కూలీల కథ అక్కడుంది. రద్వానీ ఇల్లు 1920ల నాటి మామూలు కుటుంబం ఎలా బతికిందో చూపిస్తుంది. మొహమ్మద్ బిన్ జాసిం ఇంట్లో ముషైరిబ్ మారిన తీరు చెబుతారు.

ఇప్పుడు లెక్క చూసుకుందాం. ముత్యాల కాలం ఉంది. బానిసల కథ ఉంది. నూనె కూలీల కథ ఉంది. ఖతరీ కుటుంబం ఉంది. మరి 1970ల నుంచి 2000ల దాకా అవే వీధుల్లో గదికి ఎనిమిదిమంది చొప్పున పడుకుని, ఈ ఊరి రోడ్లు, రేవులు, టవర్లు కట్టిన మనుషుల ఇల్లు ఏది? అలాంటి గది ఒక్కటి, గోడకి మేకులూ, మేకులకి సంచులూ, మూలన కిరోసిన్ స్టవ్వూ ఉన్నది ఉన్నట్టు నిలబెట్టి ఉంటే, అది ఐదో ఇల్లయ్యేది. ఖతర్ జనాభాలో పదింట ఎనిమిది మందికి పైగా బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళే. ఆ ఐదో ఇల్లు వాళ్ళది.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు, అదీ వినాలి. ఆ ఇళ్ళు పాతబడి పెచ్చులూడుతున్నాయి. కరెంటు తీగలు వేళ్ళాడుతున్నాయి. అగ్గిపుల్ల గీస్తే అంటుకునేటట్టున్న గదుల్లో మనుషుల్ని ఉంచి, పైగా దానికి వారసత్వం అని పేరు పెట్టడం దయ అనిపించుకోదు. అక్కడున్నవాళ్ళని అడిగితే మంచి గది, చల్లటి గాలి కావాలనే అంటారు తప్ప ఈ గోడల్ని కాపాడమని అనరు. నిజమే. కానీ మంచి గది ఇవ్వడం వేరు, ఊరి నడుమ నుంచి పంపెయ్యడం వేరు. కుటుంబాలుండే ప్రాంతాల్లో కార్మికుల వసతి ఉండకూడదని 2010లో చట్టం వచ్చింది. దూరాన పారిశ్రామిక వాడ వైపు కొత్త వసతులు కట్టారు. వాటిలో కొన్ని పాత గదులకంటే ఎంతో శుభ్రమైనవి. కానీ శుక్రవారం సాయంత్రం నడిచి వెళ్ళి మనవాళ్ళని కలుసుకునే ఆ వీధి పోయింది. గోడల్ని గూర్చిన నిర్ణయం ఎప్పుడూ గోడల దగ్గర ఆగదు.

ఈ మాటలు ఖతర్‌ని తప్పుపట్టడానికి చెబుతున్నవి కావు. మన ఇల్లు కూడా చూసుకుంటే సంగతి తెలుస్తుంది. దోహాలో భూమి, డబ్బు, నిర్ణయం మూడూ ఒకే చేతిలో ఉన్నాయి. ఉంచాలనుకుంటే ఉంటుంది, తియ్యాలనుకుంటే పోతుంది. హైదరాబాదులో అలా కాదు. అక్కడ ఒక దేవిడీకి పదిమంది వారసులు, పది కోర్టు కేసులు. అందుకే మనకి నిబంధన ముఖ్యం. 1981 నాటి హుడా నిబంధనల్లో పదమూడోది పాత కట్టడాలకి రక్షగా ఉండేది. దాని కింద నూటికి పైగా కట్టడాలు జాబితాకెక్కాయి. 2015 డిసెంబరులో ఆ నిబంధనను తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది.

2019లో ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ భవనం తీసేసి అక్కడ కొత్త శాసనసభ కట్టాలని మంత్రివర్గం తీర్మానించింది. వారసత్వ ప్రేమికులు, వారసులు హైకోర్టుకి వెళ్ళారు. సెప్టెంబరు 16న ధర్మాసనం ఆ తీర్మానాన్ని కొట్టేసింది. భవనం నిలిచింది. అయితే కోర్టు కూల్చివేతని ఆపగలదు కానీ, కప్పు మీద మొలిచిన రావి మొక్కని పీకదు. ఆ పనికి డబ్బు కావాలి, డంగుసున్నం కలపడం తెలిసిన మేస్త్రీ కావాలి. సున్నంతో కట్టిన గోడకి సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక గోడే పుచ్చిపోతుంది.

అదే హైదరాబాదులో మంచి ఉదాహరణలూ ఉన్నాయి. చౌమహల్లా ప్యాలెస్‌ని యువరాణి ఎస్రా పట్టుదలతో బాగుచేయించారు. ఆ పనికి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. ఇంకోటి ఉస్మానియా ఆసుపత్రి. 1920ల నాటి ఆ భవనంలోకి 2020 జులైలో వాన నీళ్ళు చేరి రోగుల్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. పాతది కూల్చి అక్కడే కొత్తది కట్టాలా, పాతది ఉంచాలా అని ఏళ్ళ తరబడి వాదన. చివరికి 2025 జనవరిలో కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో, వేరే స్థలంలో శంకుస్థాపన చేశారు. రోగికి మంచి మంచం కావాలన్నదీ న్యాయమే, పాత భవనం ఉండాలన్నదీ న్యాయమే. స్థలం మారిస్తే రెండింటికీ చోటు దొరికింది. చాలా తగాదాలు ఇలాగే తేలతాయి. కాకపోతే గడ్డపార దిగకముందే ఆలోచించాలి.

రెండు ఊళ్ళూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసేది ఇది. ఏది ఉంచాలో జాబితా ముందే రాసుకోవాలి. ఉంచినదానికి ఏదో ఒక పని ఉండాలి, తాళం వేసిన ఇల్లు త్వరగా పాడవుతుంది. కొత్తది కట్టేవాళ్ళు పాతదాని పైపై అలంకారం కాకుండా లోపలి తెలివిని, అంటే నీడని, గాలిని, నడకని తీసుకోవాలి. వీటన్నిటికంటే ముఖ్యం, ఆ జాబితాలో రాజుగారి కోటతో పాటు కూలివాడి గదికీ ఒక వరుస ఉండాలి. ఎవరూ అడగకపోతే ఆ వరుస ఖాళీగానే ఉండిపోతుంది.

ముషైరిబ్‌లో ఆ ఐదో ఇల్లు ఇప్పుడు కట్టలేం. గోడలు పోయాయి. కానీ దాని లోపల ఉండాల్సిన సామాను ఇంకా మన ఇళ్ళలోనే ఉంది. గల్ఫులో పనిచేసి వచ్చిన బాబాయో, మామయ్యో, తాతగారో మీ ఇంట్లో ఉంటే, ఆయన దగ్గర పాత ఫొటోలుంటాయి. గది ముందు నలుగురు నిలబడి తీయించుకున్నది, కహ్రబా వీధి దీపాల కింద తీయించుకున్నది. ఆ ఫొటో వెనక ఏ ఏడు, ఏ వీధి, పక్కనున్నవాళ్ళెవరు అని ఆయన్ని అడిగి రాయించండి. అప్పట్లో ఫోను ఖర్చు భరించలేక ఉత్తరానికి బదులు క్యాసెట్టులో మాట్లాడి పంపేవారు. పెట్టె అడుగున అలాంటి క్యాసెట్టు ఉంటే, టేపు అతుక్కుపోకముందే కంప్యూటర్లోకి ఎక్కించండి. పాత పాస్‌పోర్టు, గది అద్దె రసీదు, డబ్బు పంపిన చీటీ పారెయ్యకండి.

దోహాలో ఉన్నవాళ్ళు పిల్లల్ని ఒక శుక్రవారం సాయంత్రం ఆ నాలుగు ఇళ్ళకీ తీసుకెళ్ళండి. కప్పు మీద దంచల్ దుంగలు చూపించండి. గది ఎందుకు సన్నగా ఉందో వాళ్ళనే చెప్పమనండి. బయటికొచ్చాక, ఈ మేడలున్నచోట ఒకప్పుడు మన ఊరివాళ్ళు ఉండేవారని కూడా చెప్పండి. మ్యూజియం గోడ మీద లేని ఆ ఒక్క వాక్యం చెప్పాల్సింది మీరే.